గిన్నె నిండా పొట్టు

షికాగో శివార్లలోని బ్రూక్‌ఫీల్డ్ జూ 1934లో మొదలైంది. ఆ ఏడాది అక్కడికి చేరిన జీవుల్లో కుకీ అనే కాకటూ ఒకటి. సిడ్నీలోని టరొంగా జూ నుంచి ఏడాది వయసులో వచ్చింది. మేజర్ మిచెల్ జాతి పక్షి. లేత గులాబీ ఒళ్లు, విప్పితే ఎరుపు, పసుపు చారలు కనిపించే తురాయి. 2016 ఆగస్టులో చనిపోయేనాటికి దానికి 83 ఏళ్లు. జూ పుట్టినప్పటి జీవుల్లో చిట్టచివరి వరకూ మిగిలింది అదొక్కటే. ఇంతటి దీర్ఘాయుష్షులో మొదటి నలభై ఏళ్లూ అది గింజల మీదే బతికింది. చిలుక జాతికి గింజలే తిండి అని అప్పట్లో జూల వాళ్లు కూడా నమ్మేవారు. ముసలితనం వచ్చేసరికి ఎముకలు గుల్లబారాయి, కీళ్లు అరిగాయి. అందుకు ఆ నలభై ఏళ్ల తిండి కూడా ఒక కారణమని జూ వైద్యులు తేల్చారు. 2009 నుంచి దాన్ని ప్రదర్శన నుంచి తప్పించి ఉద్యోగుల గదిలో ఉంచి చూసుకున్నారు.

కుకీ నాటి అజ్ఞానం ఇంకా పోలేదు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా ఒక కాకటూని దత్తత తెచ్చుకుంటే, పంజరంతో పాటు చేతికొచ్చేది చాలాసార్లు పొద్దుతిరుగుడు గింజల పొట్లమే. ‘ఇది తప్ప ఇంకేదీ ముట్టదండీ’ అంటారు ఇచ్చేవాళ్లు. అది అబద్ధం కాదు. పిల్లగా ఉన్నప్పుడు ఏది తిండి అని నేర్చుకుందో దాన్నే కాకటూ తిండిగా గుర్తిస్తుంది. అలా గింజలతోనే పెరిగిన పక్షి ముందు క్యారెట్ ముక్క పెడితే దాని దృష్టిలో అది తిండి కాదు, పంజరంలోకి చొరబడిన పరాయి వస్తువు. వెనక్కి జరిగి, తురాయి నిక్కబొడిచి, బుస కొడుతుంది.

అది తినే తీరు ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి. జామకాయ ముక్కో వేరుశనగ కాయో అయితే కాలితో అందుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది. అది కూడా ఎడమ కాలితో. ఆస్ట్రేలియాలో పరిశోధకులు గమనించినంతలో పసుపు తురాయి కాకటూలు దాదాపు అన్నీ పుర్రచేతివాటమే. మన ఇళ్లలో ఏ అమ్మమ్మైనా చూస్తే వీపు మీద ఒకటి వేసేది. చిన్న గింజకైతే కాలితో పనిలేదు. నల్లటి మందపాటి నాలుక గింజను పై ముక్కులోని గట్టు మీదకి తోస్తుంది. కింది ముక్కు అంచు దాని అతుకు వెతికి టప్పున విడగొడుతుంది. పప్పు లోపలికి పోతుంది, పొట్టు బయటికి రాలుతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. కోడికి ఇసుక రాళ్లు అవసరమైనట్టు దీనికీ కావాలని కొందరు పెడతారు గానీ, పొట్టు ఒలుచుకుని తినే పక్షికి వాటి అవసరం లేదు.

ఆ పొట్టు రాలేది తిరిగి గిన్నెలోకే. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. సాయంత్రం వచ్చి చూస్తే గిన్నె నిండుగా కనిపిస్తుంది. ఇంకా ఉంది కదా అనుకుంటారు. నిజానికి పైన ఉన్నదంతా ఖాళీ డొల్లలు. ఉఫ్‌మని ఊదితే సగం గిన్నె లేచిపోతుంది. నిండు గిన్నె ముందు పక్షి రెండు రోజులు పస్తున్న సందర్భాలు పక్షి వైద్యులకు కొత్త కాదు.

గింజలో ఏముంది, ఏం లేదు అన్న లెక్క తెలిస్తే మిగతాది సులువు. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం కొవ్వే. రోజుకి మైళ్ల కొద్దీ ఎగిరే పక్షికి అది ఇంధనం. పంజరంలో కొమ్మ నుంచి గిన్నె వరకూ నడిచే పక్షికి కాలేయంలో పేరుకునే భారం. కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. ‘ఎ’ విటమిన్ అయితే లేనట్టే. ఆ లోటు ముదిరితే నోటిలోపల, గొంతులో, ముక్కుపుటాల్లో మెత్తగా ఉండాల్సిన పొర గట్టిపడి తెల్లటి మచ్చలు కడుతుంది. శ్వాసకోశ జబ్బులకు అదే దారి. దీనికి మందు అంగట్లోనే ఉంది: గుమ్మడి, క్యారెట్, నారింజరంగు చిలగడదుంప, బొప్పాయి, మునగాకు, తోటకూర. వీటిలోని బీటా కెరోటిన్‌ని పక్షి తనకు కావలసినంత మేర ‘ఎ’ విటమిన్‌గా మార్చుకుంటుంది. చుక్కల మందుల రూపంలో నేరుగా విటమిన్ పోస్తే మోతాదు మించి విషమయ్యే ప్రమాదం ఉంది. కాల్షియం ఒంటబట్టాలంటే ‘డి’ విటమిన్ కావాలి, దానికి ఎండ కావాలి. కిటికీ అద్దం లోంచి పడే ఎండ లెక్కలోకి రాదు. అందుకు పనికొచ్చే అతినీలలోహిత కిరణాలను గాజు ఆపేస్తుంది.

వైద్యులు ఇప్పుడు చెప్పే పద్ధతి ఇది: తిండిలో పెద్ద భాగం పక్షుల కోసం తయారైన పెల్లెట్లు, మిగతాది కూరగాయలు, ఆకుకూరలు, కొంచెం పండు, ఉడికించిన పప్పుధాన్యాలు, బాగా కడిగిన మొలకలు. గింజలు, బాదం, జీడిపప్పు బహుమానంగా మాత్రమే. వేరుశనగ విషయంలో మాత్రం తెలుగువాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. నిల్వలో తేమ తగిలిన కాయల్లో అస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన సమస్య ఇది. మనుషుల కాలేయాన్నే దెబ్బతీసే విషం అరకిలో పక్షిని ఏం చేస్తుందో ఊహించవచ్చు. మన కోసం తెచ్చుకున్న మేలురకం కాయల్లోంచి నాలుగు తీసి పెట్టాలే గానీ, పిట్టల కోసమని చవగ్గా అమ్మే మురిగిన సరుకు ముట్టుకోకూడదు.

అయితే ఇంటికి తెచ్చిన మొదటి రోజే ఈ మెనూ అంతా అమలు చేస్తే పక్షి దక్కదు.

కొత్త ఇంట్లో కాకటూ తినకపోవడానికి మొదటి కారణం రుచి కాదు, భయం. అడవిలో పసుపు తురాయి కాకటూలు గుంపుగా నేల మీద దిగి మేస్తాయి. ఆ సమయంలో ఒకటో రెండో పక్కనున్న చెట్టు మీద కాపలా కాస్తాయి. గద్ద నీడ కనబడితే అరుస్తాయి, గుంపంతా లేచిపోతుంది. కాపలా లేనిచోట తలవంచి తినడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కొత్త ఇంట్లో దానికి కాపలా ఎవరూ లేరు. చుట్టూ తెలియని మొహాలు, తలపైన గిరగిరా తిరిగే సీలింగ్ ఫ్యాన్, కుక్కర్ కూత. కాబట్టి పంజరం హాలు మధ్యలో కాకుండా ఒక మూలగా పెట్టాలి, వెనక వైపు గోడ ఉండాలి. ఇంట్లోవాళ్లు కనిపిస్తుండాలి గానీ, దాని ముందు నుంచే అందరూ తిరగకూడదు. వంటింట్లో అసలే వద్దు. మొదటి వారం చుట్టాలు పక్కాలు వచ్చి ‘మాట్లాడుతుందా?’ అని పంజరంలో వేళ్లు పెట్టకుండా చూడటం బహుశా అన్నిటికంటే కష్టమైన పని.

ఆ వారమంతా పాత తిండి పాతదే. పాత గిన్నె, వీలైతే పాత కొమ్మ కూడా వెంట తెచ్చుకోవాలి. ఏం తింటుంది, ఎన్ని గంటలకి పడుకుంటుంది, ఏ పాటకి ఊగుతుంది, ఎవరిని చూస్తే కరుస్తుంది అని పాత యజమానిని ఆరా తీయాలి. 2007 ఆగస్టులో స్నోబాల్ అనే కాకటూని దాని యజమాని ఇండియానా రాష్ట్రంలోని ఒక పక్షి సంరక్షణ కేంద్రంలో వదిలిపెడుతూ, దానికిష్టమైన బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ సీడీ కూడా ఇచ్చి వెళ్లాడు. ఆ సీడీ పెట్టి చూసిన నిర్వాహకురాలికి కళ్లు తిరిగాయి. పక్షి తాళానికి తగ్గట్టు కాళ్లు ఎత్తి ఆడుతోంది. అనిరుద్ధ్ పటేల్ అనే నాడీశాస్త్రవేత్త పాట వేగం పెంచి, తగ్గించి పరీక్షిస్తే, అది తన ఆటనూ మార్చుకుంది. మనిషి కాని జీవి సంగీతపు లయను పట్టుకోగలదని 2009లో ఆ పరిశోధన నిరూపించింది. సైన్సు సంగతి అలా ఉంచితే, ఇల్లు మారుతున్న పక్షితో పాటు దానికి తెలిసినదేదో ఒకటి పంపాలన్న ఆలోచన ఆ యజమానికి రావడం మెచ్చుకోవలసింది.

కొత్త పక్షికి కావలసిన పరికరాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది వంటింటి డిజిటల్ కాటా. ఒక చిన్న కొమ్మను దానిమీద బిగించి, రోజూ పొద్దున్నే, రెట్ట వేశాక, తిండి పెట్టకముందు పక్షిని నిలబెట్టి బరువు రాసుకోవాలి. పక్షులు జబ్బును దాచుకుంటాయి. గుంపులో నీరసంగా కనిపించినదే గద్దకి మొదట చిక్కుతుంది కాబట్టి, నిలబడలేని స్థితి వచ్చేదాకా ఏమీ కానట్టే ఉంటాయి. కాటా ముందు ఆ నటన సాగదు. 600 గ్రాములున్న పక్షి 540కి వచ్చిందంటే, అంటే పదో వంతు తగ్గిందంటే, ఇక ఎదురు చూడకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అడుగున పరిచిన పేపరు మరో సాక్షి. మామూలు రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చనో గోధుమరంగో గట్టి భాగం, తెల్లటి సుద్ద లాంటిది, కాస్త నీరు. తినని పక్షి రెట్టలో గట్టి భాగం సన్నబడిపోతుంది, ముదురాకుపచ్చగా జిగటగా మారుతుంది. రోజూ పేపరు మార్చేముందు ఒక్క నిమిషం దాన్ని చదవాలి.

పక్షి కుదురుకుని బరువు నిలకడగా ఉన్నప్పుడే కొత్త తిండి మొదలెట్టాలి. ‘ఆకలేస్తే అదే తింటుంది’ అన్న సూత్రం దీని దగ్గర పనికిరాదు. పెల్లెట్లు తిండి అని తెలియని పక్షి వాటి పక్కనే కూర్చుని మాడి చచ్చిపోగలదు. గింజలు పూర్తిగా ఆపకుండా, పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు కొత్తది పెట్టి, కాసేపాగి గింజలివ్వడం ఒక దారి. సన్నగా తరిగిన కూరగాయల్లో గింజలు కలిపి, వాటిని వెతుక్కునే క్రమంలో ముక్కుకి క్యారెట్ తడి తగిలేలా చేయడం ఇంకో దారి. అన్నిటికంటే బాగా పనిచేసేది మరొకటి ఉంది: దాని ఎదురుగా కూర్చుని ఆ ముక్కను మనం నమిలి తినడం. ఇష్టంగా, చప్పుడు చేస్తూ, దానికి ఇవ్వకుండా. గుంపులో ఒకటి తింటే రెండోది చూస్తుంది, మూడోది లాక్కుంటుంది. కాకటూ ప్రపంచంలో ‘ఇది తినొచ్చు’ అనే సమాచారం పక్కవాడి నోటి నుంచే వస్తుంది.

ఇది ఊహ కాదు. సిడ్నీలో ఉంటున్న తెలుగువాళ్లకు పొద్దున్నే కళ్లెదుట జరిగే తంతే. అక్కడి పసుపు తురాయి కాకటూలు వీధుల్లోని చెత్తడబ్బాల బరువైన మూతల్ని ముక్కుతో పైకెత్తి, అంచు మీద నడుస్తూ వెనక్కి తోసి, లోపలి బ్రెడ్డు తింటాయి. బార్బరా క్లంప్ బృందం 2021లో సైన్స్ పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం, 2018కి ముందు ఈ విద్య మూడు పేటల్లోనే ఉండేది. 2019 చివరికి 44 పేటలకు పాకింది. పాకడం కూడా ఇష్టమొచ్చినట్టు కాదు, పక్కపేట నుంచి పక్కపేటకి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుందన్నమాట. పేటపేటకీ మూత తీసే పద్ధతిలో చిన్నచిన్న తేడాలు కూడా వచ్చాయి. జనం మూతల మీద ఇటుకలు పెడితే వాటిని తోసేయడం నేర్చుకున్నాయి.

ఇండోనేషియాలోని తనింబార్ దీవుల గాఫిన్ కాకటూలది ఇంకో మెట్టు. సముద్రపు ఒడ్డున దొరికే వావాయి పండు గట్టి పెంకు లోపలి గింజ కోసం అవి చెక్కముక్కల్ని కొరికి మూడు రకాల పనిముట్లు చేసుకుంటాయి: ఒకటి పగుళ్లు విడదీయడానికి, ఒకటి పొర కోయడానికి, ఒకటి గింజను తవ్వి తీయడానికి. వియన్నాలో ఆలిస్ ఔవర్స్‌పెర్గ్ ప్రయోగశాలలో పెరుగుతున్న అదే జాతి పక్షులు కొన్ని, ఎండు రస్కుని నీళ్లలో ముంచి, నానేదాకా ఆగి తినడం 2023లో నమోదైంది. ఎవరూ నేర్పలేదు. మెత్తటిది తినడం కోసం ఓపిక పట్టగల పక్షికి పెల్లెట్లు గోరువెచ్చని నీళ్లలోనో కొంచెం పండ్లరసంలోనో నానబెట్టి ఇస్తే దారికొచ్చే అవకాశం ఎక్కువ. అలా తడిపినదాన్ని రెండు గంటలకు మించి గిన్నెలో ఉంచకూడదు. మన ఎండలకి పులిసిపోతుంది.

ఇలాంటి బుర్రను తెచ్చి నిండు గిన్నె ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? తెల్లవారిన దగ్గర్నుంచి పొద్దుగూకే లోపు ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడం, తవ్వడం, ఒలవడంలో గడపడానికి తయారైన పక్షి అది. గిన్నెలోది పది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా ఖాళీ. ఖాళీ ముక్కు ఈకల మీద పడుతుంది. రొమ్ము మీది ఈకలు పీక్కుని, చర్మం కొరుక్కుని పుండు చేసుకున్న కాకటూలు ప్రతి సంరక్షణ కేంద్రంలోనూ కనిపిస్తాయి. 50 జాతులకు చెందిన 1,300కు పైగా పెంపుడు చిలుకల సమాచారాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. ఎమా మెలర్, జార్జియా మేసన్ తదితరులు చేసిన పని అది. అడవిలో ఏ జాతుల తిండికి కష్టపడి ఒలవడం, పగలగొట్టడం ఎక్కువ అవసరమో, పంజరంలో ఆ జాతులే ఈకలు ఎక్కువగా పీక్కుంటాయని అందులో తేలింది. ఒక జాతికి శరీర పరిమాణంతో పోలిస్తే మెదడు ఎంత పెద్దదైతే, అర్థంలేని కదలికలు పదేపదే చేసే జబ్బు అంత ఎక్కువ.

కాబట్టి ‘ఏం పెట్టాలి’ అన్నంత ముఖ్యమైనదే ‘ఎలా పెట్టాలి’ అన్నది. రంగు, రసాయనాలు లేని అట్టపెట్టెలో పెల్లెట్లు వేసి మూత మడిచి ఇవ్వాలి. మొక్కజొన్న కంకి ఆకులు ఒలవకుండా వేలాడదీయాలి. బాదం గింజను కాగితంలో చుట్టి, దాన్ని కొబ్బరి చిప్పలో దోపాలి. మందులు చల్లని వేప, జామ కొమ్మలు బెరడుతో సహా పెడితే ఒక పూట అంతా వాటిని చీల్చుతూ కూర్చుంటుంది. ఇల్లంతా చెత్త అవుతుంది. అది భరించలేనివాళ్లు కాకటూ జోలికి పోకపోవడమే నయం. మొదట్లో మరీ కష్టమైన పజిల్ పెడితే బెదిరిపోతుంది. తెరిచిన పెట్టెతో మొదలెట్టి, రోజురోజుకీ కొంచెం కొంచెం మూయాలి.

వంటింటి ప్రమాదాల గురించి ఎంత చెప్పినా తక్కువే. అవకాడో పక్షులకు ప్రాణాంతకం. చాక్లెట్, కాఫీ, టీ, మద్యం, ఉల్లి, వెల్లుల్లి పెట్టకూడదు. ఉప్పూ నూనే పట్టించిన మన చిరుతిళ్లు కూడా వద్దు. యాపిల్ ఇస్తే గింజలు తీసేసి ఇవ్వాలి. కంటికి కనిపించని ప్రమాదం నాన్‌స్టిక్ పెనం. అది ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి తెలియకపోయినా, పక్కగదిలో ఉన్న పక్షిని నిమిషాల్లో చంపేస్తుంది. పక్షుల శ్వాసవ్యవస్థ గాలిలోని ప్రాణవాయువును మనకంటే సమర్థంగా పీల్చుకుంటుంది, విషాన్ని కూడా అంతే సమర్థంగా. దోమల చుట్ట, అగరొత్తులు, మిరపకాయ పోపు ఘాటు పంజరం దరిదాపుల్లో ఉండకూడదు. చవక పంజరాల జింకు పూతను కొరికితే లోహ విషం ఎక్కుతుంది.

తెల్ల కాకటూ ఒంటి మీద చెయ్యి వేస్తే అరచేతికి పిండి అంటుకుంటుంది. దాని ఈకల్లో కొన్ని అదేపనిగా పొడిగా రాలుతూ, మిగతావాటిని శుభ్రంగా ఉంచుతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పక్షిని తేవడానికి ముందే ఆలోచించాలి. ఆ పొడి ఆరోగ్యానికి గుర్తు కూడా. గొడుగు కాకటూ నల్లటి ముక్కు మీద ఆ పొడి పేరుకుని బూడిదరంగులో కనిపించాలి. కొత్తగా వచ్చిన పక్షి ముక్కు నిగనిగలాడుతుంటే ముచ్చట పడకూడదు, అనుమానించాలి. ముక్కునూ ఈకలనూ పాడుచేసే సర్కోవైరస్ జబ్బులో మొదట ఆగిపోయేది ఆ పొడే. రక్తపరీక్షతో తేల్చుకోవాలి. దానికి మందు లేదు, ఇతర పక్షులకు అంటుకుంటుంది. ఇంట్లో ముందే పక్షులుంటే కొత్తదాన్ని నెలా నెలన్నర వేరే గదిలో ఉంచడం అందుకే.

కాగితాల సంగతీ చూసుకోవాలి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం. విదేశీ పక్షి కాబట్టి కాకటూకి ఆ నిషేధం లేదు గానీ, దాని వివరాలు ప్రభుత్వానికి తెలియాలి. అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాల్లోని జీవులను పెంచుకునేవాళ్లు వాటిని నమోదు చేయాలని వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ చెబుతోంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్లో ఆ పని చేయాలి. చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. దత్తత ఇచ్చేవాళ్లు ఆ కాగితం చూపించలేకపోతే అక్కడే ఆగిపోవడం మంచిది.

కొన్ని వారాలు గడిచాక పక్షి చేతికొస్తుంది, తల వంచి మెడ గోకమంటుంది. చెంపల మీది ఈకలు ముక్కును సగం కప్పేలా ఉబ్బించి, కళ్లు అరమోడ్చి కూర్చుంటే అది నిశ్చింతగా ఉన్నట్టు. గోకడం తలకీ మెడకీ పరిమితం చేయాలి. వీపు నిమరడం, రెక్కల కింద చెయ్యి పెట్టడం జంట పక్షులు చేసుకునే పని. అది మనిషినే జతగా ఎంచుకుంటే తర్వాత జరిగేవి ఇంట్లో మిగతావాళ్లను కరవడం, వరసగా గుడ్లు పెట్టి ఒంట్లో కాల్షియం పోగొట్టుకోవడం, కొన్నిసార్లు మలద్వారం బయటికి జారడం. పది నుంచి పన్నెండు గంటల చీకటి నిద్ర ఇస్తే ఈ ఉద్రేకం కొంత అదుపులో ఉంటుంది. రాత్రి పదకొండు దాకా టీవీ నడిచే హాల్లో అది సాధ్యం కాదు కాబట్టి, పడుకోవడానికి వేరే గదిలో చిన్న పంజరం ఏర్పాటు చేసేవాళ్లున్నారు.

అరుపు మాత్రం తప్పదు. పొద్దున, సాయంత్రం పది పదిహేను నిమిషాల చొప్పున గుంపును పిలిచే కేకలు దాని సహజధర్మం. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటు వాళ్లతో ఆ మాట ముందే చెప్పుకోవాలి. మిగతా వేళల్లో అరిచే అరుపులే ఇంటివాళ్లు నేర్పేవి. కేక పెట్టగానే పరిగెత్తుకొచ్చి ‘నోర్ముయ్’ అని తిట్టినా సరే, దాని దృష్టిలో గుంపు జవాబిచ్చినట్టే. మరుసటి రోజు ఇంకాస్త గట్టిగా పిలుస్తుంది. ఈ చప్పుడు పడలేకే చాలా కాకటూలు రెండో ఇంటికి, మూడో ఇంటికి మారుతుంటాయి. రెండో ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. గది దాటి వెళ్తున్నప్పుడు ఒక చిన్న ఈలనో మాటనో ఎంచుకుని, పక్షి మెల్లగా పలికిన ప్రతిసారీ దానితోనే జవాబివ్వాలి. కేక పెడితే ఊరుకోవాలి. మొదటి కొన్ని రోజులు అరుపు తగ్గదు, పెరుగుతుంది. అప్పుడు ఇంట్లో ఏ ఒక్కరు లొంగిపోయి జీడిపప్పు పట్టుకుని వెళ్లినా, మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి.